బేకరీ లెక్కల్లోంచి పుట్టిన చదువు

ఐసెట్ రాసినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. ఎంబీఏలో చేరాలన్నా, ఎంసీఏలో చేరాలన్నా పరీక్ష ఒక్కటే. ఒకే హాల్ టికెట్టు, ఒకే ప్రశ్నపత్రం, ఒకే ర్యాంకు. కంప్యూటర్లకూ వ్యాపారానికీ ఏం చుట్టరికమని రెంటినీ ఒకే గాటన కట్టారో ఆ రోజుల్లో నాకు బోధపడలేదు. ఎంసీఏలో చేరాక ఆశ్చర్యం ఇంకాస్త పెరిగింది. టైమ్‌టేబుల్లో సీ లాంగ్వేజీ పక్కనే అకౌంటెన్సీ. పొద్దున లూపులు, పాయింటర్లు. మధ్యాహ్నం జర్నలు, లెడ్జరు, ట్రయల్ బ్యాలెన్సు. బీఎస్సీ నుంచి వచ్చినవాళ్లమంతా డెబిట్ ఏదో, క్రెడిట్ ఏదో తెలియక, బీకాం చదివొచ్చిన ఒకే ఒక్క మిత్రుడి చుట్టూ మూగేవాళ్లం. కోడు రాయడానికి వచ్చినవాళ్లకు ఈ చిట్టా ఆవర్జాల గొడవ దేనికని మాలో మేమే విసుక్కునేవాళ్లం.

ఆ విసుగు తప్పని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మా సిలబస్ వంశవృక్షం ఎక్కడిదా అని తవ్వుకుంటూ పోతే, దాని వేళ్లు లండన్‌లో టీ, బన్ను అమ్మే కంపెనీ దగ్గర తేలాయి.

1894లో పికడిల్లీ వీధిలో మొదటి టీషాపు తెరిచిన జె. లయన్స్ అండ్ కంపెనీ, యాభై ఏళ్లు తిరిగేసరికి బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన పేరైంది. టీపొడి, బ్రెడ్డు, కేకులు, ఐస్‌క్రీము సొంతంగా తయారు చేసుకునేవాళ్లు, సొంత దుకాణాల్లో అమ్ముకునేవాళ్లు. వ్యాపారం పెద్దదే గానీ ఒక్కో అమ్మకం మరీ చిన్నది. కప్పు టీ మీదా బన్ను మీదా మిగిలేది పెన్నీల్లోనే. అవి ఎక్కడ మిగులుతున్నాయో, ఎక్కడ కారిపోతున్నాయో తెలియాలంటే ప్రతి బిల్లూ కూడాలి, ప్రతి ట్రేనూ లెక్కపెట్టాలి. దానికి గుమాస్తాలు కావాలి. ఆ గుమాస్తాల జీతాలు మళ్లీ ఆ పెన్నీలనే తినేస్తాయి.

కేంబ్రిడ్జిలో గణితం చదివి 1923లో లయన్స్‌లో చేరిన జాన్ సిమన్స్ జీవితమంతా ఈ చిక్కుతోనే గడిపారు. గుమాస్తా రాసే ప్రతి అంకె ఎవరో ఒక మేనేజరుకు ఏదో ఒక నిర్ణయంలో పనికిరావాలి, పనికిరాని అంకె రాయించడం దండగ అని ఆయన పట్టుదల. 1930లలోనే ఆఫీసు పనుల తీరును పరిశీలించడానికి ‘సిస్టమ్స్ రీసెర్చ్ ఆఫీస్’ అనే విభాగం పెట్టించారు. అప్పటికి కంప్యూటర్ అంటే లెక్కలు చేసే మనిషి అనే అర్థం. అలాంటి కాలంలో, యంత్రం ఊసు లేకుండానే, ‘ఈ పని ఇలాగే ఎందుకు చేస్తున్నాం?’ అని అడగడమే ఉద్యోగంగా ఉన్న మనుషులు ఒక టీ కంపెనీలో తయారయ్యారు. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. మా సిలబస్‌లోని ‘సిస్టమ్స్ అనాలిసిస్’ వయసు కంప్యూటరు కంటే ఎక్కువ.

1947లో టి.ఆర్. థాంప్సన్, ఆలివర్ స్టాండింగ్‌ఫర్డ్ అనే ఇద్దరు మేనేజర్లను, యుద్ధం తర్వాత ఆఫీసు పద్ధతులు ఎలా మారాయో చూసి రమ్మని లయన్స్ అమెరికా పంపింది. అక్కడి ఆఫీసుల్లో వాళ్లకు పెద్ద విశేషాలేమీ కనిపించలేదు. ప్రిన్స్‌టన్‌లో మాత్రం, ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటరు నిర్మాణంలో పాలుపంచుకున్న హెర్మన్ గోల్డ్‌స్టైన్‌ను కలిశారు. ఫిరంగి గుండు దారి లెక్కగట్టడానికి పుట్టిన ఆ ఎలక్ట్రానిక్ యంత్రాలు ఆఫీసు పనికి పనికొస్తాయా అన్నది వీళ్ల ప్రశ్న. ఆయన ఆసక్తిగా విని, మీ దేశంలోనే కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ అలాంటి యంత్రం కడుతున్నారని చెప్పారు. సంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

తిరిగొచ్చి రాసిన నివేదికను బోర్డు కొట్టిపారేయలేదు. కేంబ్రిడ్జి ప్రయోగశాలకు కొంత డబ్బూ, ఎర్నెస్ట్ లెనార్ట్స్ అనే సాంకేతిక ఉద్యోగినీ అరువిచ్చి, బదులుగా ఆ యంత్రం నమూనాను వాడుకునే వీలు సంపాదించింది. 1949 మే 6న కేంబ్రిడ్జిలో విల్క్స్ యంత్రం ఎడ్‌శాక్ మొదటి ప్రోగ్రామును నడిపింది. జాన్ పింకర్టన్ అనే ఇంజనీరును పెట్టుకుని లయన్స్ కూడా హామర్‌స్మిత్‌లోని క్యాడ్‌బీ హాల్లో తన యంత్రాన్ని కట్టడం మొదలెట్టింది. దాని పేరు లియో: లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీస్. పాదరసం నింపిన గొట్టాల్లో దాని జ్ఞాపకశక్తి, వేల వాల్వుల్లో దాని బుద్ధి. 1951 నవంబరు ఆఖరులో, బేకరీల నుంచి వెళ్లే సరుకు విలువ కట్టే పని వారం వారం దానికే అప్పగించారు. ప్రపంచంలో ఒక కంప్యూటరు క్రమం తప్పకుండా చేసిన మొదటి వ్యాపార పని అదే.

యంత్రం సరే, దానికి పని చెప్పేదెవరు? ఇంజనీర్లకు యంత్రం తెలుసు, బన్నుల లెక్క తెలియదు. బన్నుల లెక్క తెలిసినవాళ్లు యంత్రాన్ని చూడనే లేదు. అప్పటికి ఇలాంటి మనుషుల్ని తయారు చేసే విశ్వవిద్యాలయం భూమ్మీద లేదు. లయన్స్ బయటివాళ్ల కోసం వెతకలేదు. సొంత ఉద్యోగుల్లోంచే కొందర్ని పిలిచి, కంప్యూటరంటే ఏమిటో చెప్పే కొద్ది రోజుల పరిచయ శిక్షణ పెట్టింది. పగలు పాఠాలు, రాత్రి ఇంటిపని. అందులో నెగ్గినవాళ్లు ప్రోగ్రామర్లు. మేరీ కూంబ్స్ అలాగే వచ్చారు. ఆమె చదివింది ఫ్రెంచి, చేరింది లయన్స్ ఐస్‌క్రీము అమ్మకాల విభాగంలో. వ్యాపార ప్రోగ్రాములు రాసిన మొదటి మహిళగా చరిత్రకెక్కారు. ఫ్రాంక్ ల్యాండ్ కూడా ఆ దారినే వచ్చారు. 1928లో బెర్లిన్‌లో పుట్టి, యుద్ధానికి ముందు 1939లో బ్రిటన్ చేరిన యూదు కుటుంబం కుర్రాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అర్థశాస్త్రం చదివి, 1952లో లయన్స్ గణాంకాల విభాగంలో గుమాస్తాగా కుదిరారు. మన కథకు అసలు మలుపు ఈయనే.

వీళ్లందరి మీద పెద్ద డేవిడ్ క్యామినర్. యుద్ధంలో ట్యునీసియాలో ఒక కాలు పోగొట్టుకుని తిరిగొచ్చిన మనిషి. పని దగ్గర నిప్పులాంటివారని పేరు. ఒకరు రాసిన ప్రోగ్రామును మరొకరు గీత గీతా సరిచూడాల్సిందే. కోడు రాయడానికి ముందు, ఆ పని ఇప్పుడు ఎవరు ఎలా చేస్తున్నారో కూర్చుని తెలుసుకోవాల్సిందే. జీతాల లెక్కనే చూడండి. అనుభవమున్న గుమాస్తాకు ఒక ఉద్యోగి జీతం కట్టడానికి 8 నిమిషాలు పట్టేది, లియోకు సెకనున్నర. ఆ సెకనున్నర వెనక పన్ను కోతలు, ఓవర్‌టైములు, సెలవులు, అడ్వాన్సులు అన్నీ విప్పి, ఒక్కో మినహాయింపునూ కాగితం మీద పెట్టుకున్న నెలల శ్రమ ఉంది.

నాకు మరీ నచ్చేది టీషాపుల ఆర్డర్ల పని. అంతకుముందు ప్రతి దుకాణం మేనేజరమ్మా రేపటికి ఏ సరుకు ఎంత కావాలో రోజూ పెద్ద ఫారం నింపి పంపేవారు. క్యామినర్ బృందం ఆ ఫారాన్ని ఉన్నదున్నట్టు యంత్రానికెక్కించలేదు. సోమవారానికో తీరు, శనివారానికో తీరు ఉంటుంది కదా, దుకాణానికో స్థిరమైన ఆర్డరు యంత్రంలో ఉంచేద్దాం, తేడా ఉంటే మాత్రమే మేనేజరమ్మ ఫోన్ చేసి చెబుతుంది అన్నారు. ఆమె ఫోన్‌లో చెబుతుంటే ఇవతల అమ్మాయిలు చెవికి రిసీవరు తగిలించుకుని కార్డులకు చిల్లులు కొట్టేవాళ్లు. తెల్లారేసరికి సరుకు బండెక్కేది. మేనేజరమ్మకు కాగితం బాధ తప్పింది. ఏ దుకాణం ఏ రోజు ఎందుకు ఎక్కువ తెప్పిస్తోందో, ఎక్కడ కేకులు మిగిలి పాడవుతున్నాయో పైవాళ్లకు మొదటిసారి వెంటనే తెలిసింది. ఇందులో కంప్యూటింగ్ ఎక్కడ ముగిసింది, వ్యాపారం ఎక్కడ మొదలైంది? గీత గీసి చూపించమంటే నా వల్ల కాదు.

లయన్స్ 1954లో లియోకు వేరే కంపెనీయే పెట్టి యంత్రాలు అమ్మింది. అయినా టీ కంపెనీ డబ్బుతో ఐబీఎంను ఎదుర్కోవడం కుదరలేదు. 1963లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్‌తో కలిసింది, ఆ తర్వాతి విలీనాల్లో లియో పేరే పోయింది. యంత్రం కథ అక్కడ ఆగింది గానీ, ఆ యంత్రం దగ్గర మనుషులు నేర్చుకున్న విద్య ఆగలేదు.

1960లు గడిచేకొద్దీ బ్రిటన్‌లో ప్రతి కంపెనీ కంప్యూటరు కొంటోంది. కొన్నాక దాంతో ఏం చేయించాలో చెప్పగలిగినవాళ్లు మాత్రం దొరకడంలేదు. ప్రభుత్వం 1966లో మాంచెస్టర్‌లో నేషనల్ కంప్యూటింగ్ సెంటర్ పెట్టింది. సిస్టమ్స్ అనలిస్టుల కొరత తీరాలంటే విశ్వవిద్యాలయాలు ఈ విద్య నేర్పాలని ఆ సంస్థ నిధులిచ్చింది. ఆ నిధులతో 1967లో ఫ్రాంక్ ల్యాండ్ తాను చదువుకున్న లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కే తిరిగొచ్చారు, ఈసారి పాఠం చెప్పడానికి.

అది ఇంజనీరింగ్ కాలేజీ కాదు. అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, రాజనీతి చెప్పే బడి. ఈ చదువు అలాంటి చోట మొలకెత్తడం మేలే చేసిందని నా నమ్మకం. ఎందుకంటే అప్పుడే కంప్యూటర్ సైన్స్ తన కాళ్ల మీద నిలబడే ప్రయత్నంలో ఉంది. 1968లో అమెరికాలో ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంఘం ప్రకటించిన కంప్యూటర్ సైన్స్ పాఠ్యప్రణాళిక నిండా గణితమూ అల్గారిథములే. కొత్త శాస్త్రానికి గౌరవం దక్కాలంటే గణితం పక్కన నిలబడాలి గానీ జీతాల రిజిస్టరు పక్కన కాదని ఆ పెద్దల ఆలోచన. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ సబబే. అటు వాణిజ్యశాస్త్ర విభాగాలకేమో ఈ యంత్రం మెకానిక్కుల వ్యవహారంలా కనిపించింది. ఈ బిడ్డ ఏ ఇంటిదని తేల్చేవారు లేరు. ల్యాండ్ తెచ్చిన సరుకు పుస్తకాల్లో లేదు, ఆయన పదిహేనేళ్ల లియో అనుభవంలో ఉంది. ఒక సంస్థ పనిని ఎలా చదవాలి, ఎవరిని ఏమడగాలి, కొత్త పద్ధతి పెట్టాక అది నిజంగా లాభించిందో లేదో ఎలా తేల్చాలి అన్నవాటిని తరగతి గదిలో చెప్పదగిన పాఠాలుగా మార్చుకోవాల్సి వచ్చింది. అలా అల్లుకున్న ఆ చదువు, తర్వాతి కాలంలో సమాచార వ్యవస్థల విశ్లేషణ, రూపకల్పన, నిర్వహణ అనే మాస్టర్స్ డిగ్రీగా దేశదేశాల విద్యార్థుల్ని రప్పించుకుంది. 1982లో ల్యాండ్ బ్రిటన్‌లోనే మొదటి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ప్రొఫెసరయ్యారు. పాఠం మొదలెట్టిన పదిహేనేళ్లకు గానీ ఆ శాఖకు కుర్చీ దొరకలేదు.

ఆయన లండన్‌లో పాఠం మొదలెట్టిన 1967లోనే ఎనిడ్ మమ్‌ఫర్డ్, ఆలివ్ బ్యాంక్స్‌తో కలిసి ‘ద కంప్యూటర్ అండ్ ద క్లర్క్’ అనే పుస్తకం వెలువరించారు. కంప్యూటరొచ్చాక గుమాస్తాల బతుకు ఏమైందో వాళ్లనే అడిగి రాసిన పుస్తకమది. మాంచెస్టర్ బిజినెస్ స్కూల్లో మమ్‌ఫర్డ్ ఆ దారినే సాగి, కొత్త వ్యవస్థను రూపొందించేటప్పుడు దానితో పనిచేయబోయేవాళ్లే బల్లకు ఇటువైపు కూర్చోవాలని ఒక పద్ధతిని తీర్చిదిద్దారు. కంప్యూటరూ వ్యాపారమూ అని రెండే అనుకుంటాం గానీ, మనిషి అనే మూడోదాన్ని ఈ చదువులోకి పట్టుబట్టి తెచ్చింది ఆమె.

అట్లాంటిక్ అవతలా ఇదే కాలంలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక అకౌంటింగ్ ప్రొఫెసరుకు ఇదే దాహం. గోర్డన్ డేవిస్ 1960ల చివర్లో అక్కడి బిజినెస్ స్కూల్లో మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌ను మాస్టర్స్, డాక్టరేట్ స్థాయి చదువుగా నిలబెట్టారు. 1974లో ఆయన రాసిన పాఠ్యపుస్తకం ఎన్నో దేశాల్లో ఆ సబ్జెక్టుకు పునాది అయింది. 1972లో ఏసీఎం కూడా ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌కు వేరే పాఠ్యప్రణాళిక ప్రకటించింది. సంస్థ అవసరాన్ని చదివేవాళ్లు ఒకరు, యంత్రాన్ని దానికి తగ్గట్టు అమర్చేవాళ్లు ఒకరు అని రెండు కొలువుల్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన ప్రణాళిక అది.

ఈ ఉత్సాహానికి పగ్గం వేసినవారూ ఉన్నారు. మేనేజర్లకు సమాచారం చాలడంలేదన్న మాట తప్పు, అక్కర్లేని సమాచారం కింద వాళ్లు నలిగిపోతున్నారని రస్సెల్ అకాఫ్ 1967లోనే ఒక వ్యాసంలో గట్టిగా వాదించారు. సిమన్స్ 1930లలో అన్న మాటకు ఇది దగ్గరి బంధువు.

మన దేశానికొస్తే, 1963లో ఐఐటీ కాన్పూరుకు ఐబీఎం 1620 వచ్చింది. అక్కడ కంప్యూటర్ సైన్స్ చదువుకు నారుపోసినవారిలో ముఖ్యులు ప్రొఫెసర్ వి. రాజారామన్. ఫోర్ట్రాన్ మీదా, సిస్టమ్స్ అనాలిసిస్ మీదా ఆయన రాసిన తక్కువ ధర పుస్తకాలు మా తరానికి బళ్లో పెద్దబాలశిక్షలాంటివి. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లింది. దేశీయ కంపెనీలు మినీ కంప్యూటర్లు తయారు చేయసాగాయి. బ్రిటన్‌లో 1966లో ఎదురైన ప్రశ్నే ఇక్కడా ఎదురైంది: యంత్రాలు వస్తాయి సరే, బ్యాంకులో, రైల్వేలో, ఫ్యాక్టరీలో వాటితో పని చేయించేదెవరు?

1980లో, కంప్యూటర్ రంగానికి కావలసిన మానవ వనరుల మీద ప్రభుత్వం వేసిన సంఘానికి రాజారామన్ అధ్యక్షులు. ఐఐటీల నుంచి వచ్చే ఇంజనీర్లు గుప్పెడుమంది. బీఎస్సీలు, బీకాంలు పూర్తిచేసి, ముందేం చేయాలో తెలియక తిరుగుతున్న పిల్లలు లక్షల్లో. లెక్కలంటే భయంలేని ఆ పట్టభద్రులకు మూడేళ్ల కొత్త డిగ్రీ పెట్టమని ఆ సంఘం సిఫారసు చేసింది. అదే మాస్టర్ ఆఫ్ కంప్యూటర్ అప్లికేషన్స్. పేరులోనే ఉంది చూడండి, అప్లికేషన్స్ అని. ప్రోగ్రామింగుతో పాటు అకౌంటింగ్, మేనేజ్‌మెంట్, సంస్థల్లో మనుషుల నడత, సిస్టమ్స్ అనాలిసిస్, చివరి సెమిస్టరులో నిజమైన సంస్థలో ప్రాజెక్టు. మధ్యాహ్నపు ట్రయల్ బ్యాలెన్సు మా టైమ్‌టేబుల్లోకి అలా వచ్చింది. కొద్ది ఏళ్లకే, 1986 నాటికి, సీఎంసీ సంస్థ ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్లను కంప్యూటరుకెక్కించినప్పుడు ఈ చదువు అవసరమెంతో దేశం కళ్లారా చూసింది. రకరకాల కోటాలు, తరగతులు, రాయితీలు, రద్దులు: వాటిని తెలుసుకోనిదే అక్కడ ఒక్క బెర్తు కూడా కేటాయించలేరు.

తెలుగు జిల్లాల్లో ఎంసీఏ ఏమైందో నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇంజనీరింగ్ సీటు రాని, డబ్బు చాలని ఇళ్లలో పిల్లలు ఊళ్లో డిగ్రీ చేసి, ఐసెట్ రాసి, అటునుంచి అమీర్‌పేట కోచింగు సెంటర్లకు, అక్కడినుంచి వైటూకే రోజుల్లో విమానాలెక్కారు. వాళ్లలో చాలామంది అమెరికాలో మొదట ముట్టుకున్నది కోబాల్‌ను. వ్యాపార లెక్కల కోసం 1959లో రూపుదిద్దుకోవడం మొదలైన భాష. అకౌంటెన్సీ పేపరును తిట్టుకున్నవాళ్లకే ఆ పేపరు అన్నం పెట్టింది. 2020 నుంచి ఎంసీఏను రెండేళ్లకు కుదించారు. చేరేవాళ్లలో బీసీఏలు, కంప్యూటర్ డిగ్రీలవాళ్లు పెరిగారు కాబట్టి దానికి కారణముంది. అయినా ఏడాది తగ్గినప్పుడు ముందుగా కత్తెర పడేది ఏ పేపరు మీదో ఊహించుకుంటే నాకు బెంగగానే ఉంటుంది.

ఆ బెంగకు కారణం మా చివరి సెమిస్టరు ప్రాజెక్టు. ఇద్దరం కలిసి మా ఊరికి దగ్గర్లో ఒక రైసుమిల్లు ధాన్యం కొనుగోలు లెక్కలు కంప్యూటరుకెక్కించడానికి ఒప్పుకున్నాం. బస్తాలు, తూకం, ధర, గుణిస్తే బిల్లు. పది రోజుల్లో ప్రోగ్రాము రాసేసి, అక్కడి గుమాస్తాగారి ముందు పెట్టాం. ఆయన కళ్లజోడు సవరించుకుని పాత బిల్లు ఒకటి తీసి పక్కన పెట్టుకుని చూశారు.

“ఇది మా మిల్లు బిల్లు కాదు నాయనా” అన్నారు.

ఆయన పుస్తకంలో ప్రతి రైతు పేరు ఎదుటా సిరాతో రాసిన అంకెల పక్కన, పెన్సిలుతో రాసిన చిన్న అంకె ఒకటి ఉంది. మేం చూశాం గానీ, ఏదో గుర్తు కోసం పెట్టుకున్నారనుకుని వదిలేశాం. అది తరుగు. తేమకూ తాలుకూ తూకంలో తగ్గించేది. ధాన్యం దిగిన రోజున యజమాని నాలుగు గింజలు పంటికింద నొక్కి ఒక మాట చెబుతారు. రైతు ఒప్పుకోడు. ఎండబెట్టి మళ్లీ తెస్తానంటాడు, లేదా డబ్బు తీసుకునే రోజున బేరమాడతాడు. చేతికి డబ్బు ముట్టేదాకా ఆ అంకె మారుతూనే ఉంటుంది. అందుకే పెన్సిలు.

మా ప్రోగ్రాములో అన్నీ సిరా అంకెలే. ఆ తర్వాత నాలుగు రోజులు గుమాస్తాగారు మా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. టేబుళ్లు మళ్లీ గీశాం, సగం కోడు తీసేసి తిరిగి రాశాం. డబ్బు ముట్టాక గానీ తాళం పడని గడి ఒకటి బిల్లులో కలిపాం. ప్రాజెక్టు రిపోర్టులో దానికి మేం పెట్టిన పేరు ‘పెన్సిల్’.